అమెరాత్‌లో ఒక కుట్టుషాపు కోసం

మస్కట్ వెళ్ళొచ్చానని తెలిసి మా ఆఫీసులో అందరూ మొదట అడిగింది బంగారం గురించే. తేలేదు. రెండు కిలోల ఖర్జూరం తెచ్చాను, డైరీలో నలభై పేజీలు నింపుకొచ్చాను. ఖర్జూరం మూడు రోజుల్లో అయిపోయింది. డైరీ చూసి ఇది రాస్తున్నాను. గల్ఫ్‌లో ఒక చిన్న షాపు పెట్టుకుంటే చాలు అనుకునేవాళ్ళు మా కడప వైపు ఇంటికొకరు ఉంటారు. వాళ్ళకు పనికొచ్చే సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. మిగతావి నాకోసం రాసుకున్నవి.

నేను ప్రొద్దుటూరులో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. దుకాణాల రిజిస్ట్రేషన్ ఫారాలు నింపడం నా పని. కాగితాలు ఎన్నైనా చదువుతాను కానీ కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదు. మా అమ్మ చెల్లెలు రమణమ్మ పద్నాలుగేళ్ళుగా ఒమాన్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. రెండేళ్ళకొకసారి ఊరికి వచ్చే సెలవును ఈసారి అక్కడే వాడుకుంటానని, కుట్టుషాపు పెట్టుకునే దారి ఉందేమో చూస్తానని ఫోన్ చేసింది. నాకు టికెట్టు తనే పంపింది. "సదివేది నువ్వు, మాట్లాడేది నేను" అని ఒప్పందం. నాకు అనుకూలమైన ఒప్పందమే అనుకున్నాను.

అల్ అమెరాత్: షట్టరు

విమానాశ్రయం బయట చిన్నమ్మ పక్కన ఒకతను నిలబడి ఉన్నాడు. పేరు రాజన్న, జగిత్యాల వైపు మేస్త్రీ. అమెరాత్‌లో షాపుల వరుస ఒకటి వాళ్ళ కంపెనీయే కట్టింది. అందులో ఒకటి ఖాళీగా ఉందని చిన్నమ్మకు చెప్పింది అతనే. నన్ను చూడగానే చిన్నమ్మతో, "చెల్లె సదువుకున్నదంటివి, మాట రాదా?" అన్నాడు. చిన్నమ్మ నవ్వి, "మాట నాకాడుండాది, అక్షరం దానికాడుండాది" అంది.

మా కడప కొండలంటేనే ఎండకు పెట్టింది పేరు. అమెరాత్ దారిలో కొండలు చూశాక మావి తోటల్లాగా అనిపించాయి. గడ్డిపరక లేదు. గోధుమరంగు రాయి, దాని కింద తెల్లటి ఇళ్ళు, ఇళ్ళ మధ్య ఇంకా కడుతున్న ఇళ్ళు. అక్టోబరు నెల, అయినా టాక్సీ అద్దం వేడిగా తగిలింది.

దారి పొడుగునా చిన్నమ్మ "మామాను అడగల్ల, మామా ఏమంటదో" అంటూనే ఉంది. చిన్నమ్మ వాళ్ళ మామ చనిపోయి ఆరేళ్ళయింది. ఈమెకు ఎండకు మతి పోయిందేమో అనుకున్నాను. అడగడానికి సిగ్గేసి అమెరాత్ చేరేదాకా ఊరుకున్నాను. అక్కడ ఇంటి యజమానురాలిని 'మామా' అంటారని, ఇంటాయనను 'బాబా' అంటారని రాజన్న చెప్పాడు. చిన్నమ్మ వాళ్ళ బాబా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు వీసా మామా పేరు మీదే ఉంది. వీసా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళను కఫీల్ అంటారు. కఫీల్ సంతకం లేకుండా మనిషి కదలడానికి లేదు.

మేం దిగింది రాజోలు నుంచి వచ్చిన ఒకావిడ రూమ్‌లో. ఆవిడ కూడా ఇళ్ళల్లో పనిచేసే మనిషే. చేపల పులుసు పెట్టి, "మా గోదారి చేప కాదండి ఇది, ఉప్పు నీళ్ళది, తిట్టుకోకుండా తినండి" అంది. తిట్టుకోలేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

మర్నాడు షాపు చూశాం. ఒక పక్క ఇస్త్రీ షాపు, ఇంకో పక్క చాయ్ హోటల్. లోపల రెండు మిషన్లు, ఒక బల్ల పడతాయి. నెలకు నూటఇరవై రియాళ్ళు. రియాలంటే మన డబ్బులో రెండు వందల పైమాటే. ప్రొద్దుటూరులో ఆ అద్దెకు మెయిన్ బజారులో మేడ మీద హాలు వస్తుంది. గది యజమాని పది రోజులు ఆగుతానన్నాడట. చిన్నమ్మ గోడను జానలతో కొలిచింది. మిషన్ ఇక్కడ, అద్దం అక్కడ. పాత మిషన్ ఒకటి అప్పుడే కొని రూమ్‌లో మంచం పక్కన పెట్టుకుంది కూడా. పేరు 'రమణ లేడీస్ టైలర్స్' అని అనుకుంది. ఇక్కడి ఆడవాళ్ళు పైన వేసుకునే నల్లటి అబాయాలు కుట్టేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గానీ జాకెట్టు చంక దగ్గర సరిగ్గా తిప్పడం ఎవరికీ రాదని, తెలుగువాళ్ళు, అరవవాళ్ళు ఊరికి పోయినప్పుడు ఆరు నెలలకు సరిపడా జాకెట్లు కుట్టించుకుని వస్తారని చెప్పింది. మామా పడుకున్న మధ్యాహ్నాల్లో ఇంటి మిషన్ మీద కుట్టి కుట్టి నేర్చుకున్న పని అది.

సాయంత్రం ఐదున్నరకు రాజన్న స్నానం చేసి, తల దువ్వుకుని, చాయ్ హోటల్ ముందు కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఎండలో గోడ కట్టిన మనిషిలా లేడు. "డ్యూటీ దిగిన. ఇగ పొద్దటిదాంక ఎవ్వని మాటా వినేది లేదు" అన్నాడు.

"నీకేం రాజన్నా," అంది చిన్నమ్మ, "దిగేదానికి నీకు డ్యూటీ ఉండాది."

అతను నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి అది హాస్యమే.

అల్ ఖువైర్: ఖాళీ గడి

అల్ ఖువైర్‌లో అన్నీ ఆఫీసులు, బ్యాంకులు. నడిచేవాళ్ళు లేరు, అందరూ కార్లలోనే. మేం ఒక బస్టాపు ముందే దిగిపోయి నాలుగు రోడ్లు నడిచాం. నా చెప్పు తెగింది. చిన్నమ్మ తలకు కట్టుకునే గుడ్డలోంచి పిన్నీసు తీసి గుచ్చింది. ప్రభుత్వ కాగితాలు నింపిపెట్టే టైపింగ్ ఆఫీసులోకి ఆ చెప్పు ఈడ్చుకుంటూ వెళ్ళాను.

కౌంటరులో ఒమానీ అమ్మాయి, నా ఈడుదే, కళ్ళజోడు. ఇంగ్లీషు నిదానంగా, శుభ్రంగా మాట్లాడింది. ఒప్పందం ప్రకారం చిన్నమ్మ మాట్లాడాలి. కానీ అరబ్బీలో చిన్నమ్మకు వంటింటి మాటలు, మార్కెట్టు మాటలు వచ్చు, ఆఫీసు మాటలు రావు. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆడిటర్ ఆఫీసులో ఇతరుల తరఫున వందల ఫారాలు నింపాను. ఒక్కదాని గురించీ నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాలేదు. అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆమె చెప్పింది ఇది. ఇంటి పని వీసా మీద ఉన్న మనిషి ఆ ఇంట్లో తప్ప ఎక్కడా పని చేయకూడదు. పరాయి దేశంవాళ్ళు తమ పేరు మీద కంపెనీ పెట్టుకోవచ్చు గానీ, వాళ్ళ పేరు మీద ఉండకూడని వ్యాపారాల జాబితా ఒకటి ఉంది. కుట్టుషాపు అందులో ఉంది. ఒమానీల పేరు మీదే ఉండాలి. వేరే వ్యాపారమైనా, విదేశీయుల కంపెనీ అయితే ఏడాది తిరిగేలోపు ఒక ఒమానీని ఉద్యోగంలో పెట్టుకోవాలి. బలదియా, అంటే మన మున్సిపాలిటీ, దాని రుసుం వేరు, బోర్డుకు వేరు, అద్దె కాగితానికి వేరు. ఒమానీ యజమాని షాపు పెట్టి విదేశీ టైలర్ని ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. దానికి చిన్నమ్మ ఇంటి వీసా రద్దు కావాలి, కొత్త వీసా రావాలి, పాత కఫీల్ సంతకం పెట్టాలి.

నేను ఒక్కో ముక్కా తెలుగులో చెప్తుంటే చిన్నమ్మ తల ఊపుతూ వింది. 'జాబితాలో ఉంది' అన్నప్పుడు ఊపడం ఆపింది. చేతిసంచిలో షాపు పేరు రాసుకున్న చీటీ ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

అయినా విచారణ ఫారం నింపమంది చిన్నమ్మ. కౌంటరులో అమ్మాయి వయసు అడిగింది. చిన్నమ్మ నా చెవి దగ్గరికి వంగి, "నా వయసు చెప్పాల్నా, పాసుపోర్టు వయసు చెప్పాల్నా?" అంది. ముప్పై దాటని ఆడవాళ్ళను ఇంటి పనికి పంపరని, వచ్చేటప్పుడు ఊర్లో ఏజెంటు ఏడేళ్ళు కలిపి రాయించాడట. చిన్నమ్మకు ముప్పై ఎనిమిది, కాగితానికి నలభై ఐదు. "మోకాళ్ళు మాత్రం పాసుపోర్టు లెక్కే" అంది. నలభై ఐదే చెప్పాం.

తర్వాత గడిలో ఇప్పుడు చేస్తున్న పని గంటలు అడిగారు. "డ్యూటీ ఎన్ని గంటలకు దిగుతావు చిన్నమ్మా?"

"డ్యూటీ సైటోళ్ళకు పాపా. నాది ఇల్లు."

ఆ గడి ఖాళీగా వదిలేశాను. కంప్యూటరు తీసుకోవడం లేదు, ఒక అంకె ఉండాలంది ఆ అమ్మాయి. వెనక ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన నిట్టూర్చాడు. ఇంకొకరి నిట్టూర్పు నేను భరించలేను, చిన్నప్పటినుంచీ అంతే. కౌంటరు అద్దానికి అంటించిన నమూనా ఫారంలో ఉన్న అంకె చూసి ఎనిమిది అని చెప్పేశాను. ముద్ర పడింది.

అల్ ఖువైర్, చాయ్ హోటల్

ఒక్కో చాయ్ వంద బైసాలు. వెయ్యి బైసాలు ఒక రియాలు. యాలకులు, పాలు, చక్కెర బాగా దట్టించి మరిగించిన చాయ్. కడపలో అది తాగితే రాత్రి అన్నం మానేయొచ్చు. దాంతో పాటు పలచటి రొట్టెలో జున్నులాంటిది పూసి చుట్టి ఇచ్చారు. చిన్నమ్మ ముట్టలేదు.

కౌంటరు అమ్మాయి టైలర్ ఉద్యోగానికి ఒప్పందం ఎలా ఉంటుందో ఒక నమూనా ఇచ్చి పంపింది. ఒక వైపు అరబ్బీ, ఒక వైపు ఇంగ్లీషు. ఊరికే కూర్చోలేక చదివి వినిపించాను. రోజుకు ఎనిమిది గంటలు. మధ్యలో విశ్రాంతి. వారానికి రెండు రోజులు సెలవు. ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు.

"అది మళ్ళా సదువు."

"ముప్పై రోజులా?"

"కాదు. వారానిది."

మళ్ళీ చదివాను. చిన్నమ్మ ఆ వాక్యం ఎక్కడుందో చూపించమని, ఆ గీత మీద వేలు పెట్టింది. తనకు ఇంగ్లీషు రాదు. కాసేపు అలాగే వేలు పెట్టుకుని కూర్చుంది. పద్నాలుగేళ్ళలో శుక్రవారం అంటే ఇంటికి చుట్టాలొచ్చే రోజు, రెండింతల వంట అని తెలుసు తనకు.

ఆ సాయంత్రం అమెరాత్‌లో రాజన్న ఇంకో దారి చెప్పాడు. ఒమానీ ఒకతను ఉన్నాడట, నెలకింత అని ఇస్తే పేరు ఇస్తాడు. షాపు కాగితంలో అతనిది, నిజానికి మనది. "అందరు గట్లనే నడుపుతున్నరక్కా" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. అది నేరమని, దొరికితే పంపించేస్తారని కౌంటరు అమ్మాయి చెప్పిన సంగతి నేను చిన్నమ్మకు మాత్రమే వినపడేట్టు గొణిగాను.

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. "వొద్దులే రాజన్నా. పద్నాలుగేండ్లు కఫీల్ పేరు కింద బతికినా. ఇంగ దొంగపేరు కింద బతకల్నా?"

మామా కూతురు మరియం అల్ ఖువైర్‌లోనే ఒక ఆఫీసులో పని చేస్తుంది. సొంతంగా ఏదైనా చిన్న వ్యాపారం పెట్టాలని ఎప్పటినుంచో అంటోందట. చిన్నమ్మ ఆమెకు ఫోన్ చేసింది. షాపు మరియం పేరు మీద, చిన్నమ్మ అందులో జీతానికి టైలరు. శుక్రవారం సమాయిల్‌లో మామా ఇంటికి రమ్మంది. అమ్మ ఒప్పుకుంటేనే అంది.

యజమాని కావాలని బయల్దేరిన మనిషి జీతగత్తెగా మిగలడానికి అనుమతి అడగబోతోంది. ఆ రోజు డైరీలో ఇంతే రాశాను. ఇంకా రాయడానికి ఓపిక లేకపోయింది.

సమాయిల్: చిన్న కప్పు

సమాయిల్‌లో కొండల మధ్య ఖర్జూరపు తోటలు, తోటల మధ్యగా సన్నటి కాలవ. వారం రోజుల తర్వాత పచ్చరంగు చూసి కళ్ళ నొప్పి తగ్గినట్టయింది. మామా డెబ్బై దాటిన మనిషి. కాళ్ళు వాచి ఉంటాయి. నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరింది. ఆమె చెడ్డది కాదు. జ్వరమొస్తే చిన్నమ్మను తనే కారులో ఆస్పత్రికి పంపేది, మా తాత పోయినప్పుడు విమానం టికెట్టు కొనిచ్చింది. ఇది రాయకపోతే తప్పవుతుంది.

కింద పరిచిన చాప మీద ఖర్జూరం, పిడికెడంత కప్పుల్లో కహ్వా. పాలూ చక్కెరా లేని కాఫీ, యాలకుల వాసన. ఖర్జూరం కొరికి, చేదు గుక్క వేయాలి. సెలవులో ఉన్నా చిన్నమ్మ అలవాటుగా కూజా అందుకుని వడ్డించడం మొదలుపెట్టింది. కప్పు ఖాళీ కాగానే నింపేస్తోంది. మన దగ్గర విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆపేస్తారు. నేను కప్పు మీద చెయ్యి పెట్టాను. చిన్నమ్మకు అర్థమయ్యేదే, కానీ మరియం కూజా తీసుకుని ఇంకా మర్యాదగా పోసింది. ఏడు కప్పులు తాగాను. గుండె దడదడలాడింది. అప్పుడు చిన్నమ్మ తెలుగులో, "కప్పు అటూ ఇటూ ఊపు పాపా. చాలని చెప్పేదట్లా" అంది.

మరియం మేం తెచ్చిన ఫారం తీసుకుని తల్లికి అరబ్బీలో చదివి వినిపించింది. ఒక చోట మామా చెయ్యెత్తి ఆపింది. ఏదో అడిగింది. మరియం నా వైపు తిరిగి, ఇంటి పని ఎనిమిది గంటలని ఎవరు రాశారని అడిగింది. చిన్నమ్మ తల వంచుకుంది. ఇల్లు ఇంత సుఖంగా ఉందా, ఎనిమిది గంటలే అయితే వదలడం దేనికి అని మామా అంటోందట. అందులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది.

నేనే రాశానని చెప్పాను. తొందరలో తప్పు రాశానన్నాను. అయితే అసలు ఎంత అని మరియం చిన్నమ్మను అడిగింది.

చిన్నమ్మ కూజా మూత సర్దింది. తర్వాత అరబ్బీలో మెల్లగా జవాబు చెప్పింది. నాకు తెలిసినవి రెండే మాటలు. ఫజ్ర్, ఇషా. తెల్లవారకముందు నమాజు, పొద్దుకూకాక ఆఖరి నమాజు. ఆ రెంటి మధ్య ఉన్నదంతా అన్నట్టు కూజా కింద పెట్టింది.

మామా తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత చిన్నమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. సరే, సంతకం పెడతానందట. షాపు పెట్టుకోండి. పొద్దున ఇక్కడ వంట చేసి, మందులిచ్చి, మధ్యాహ్నం నుంచి షాపుకు వెళ్తే చాలు. కారు పంపిస్తాను. కొత్త మనిషి ఈ ఇంటి పద్ధతి ఎప్పుడు నేర్చుకోవాలి, నా మందులు ఎవరికి తెలుసు?

చిన్నమ్మ అప్పటికే తల ఊపేస్తోంది. చాయ్ హోటల్‌లో గీత మీద పెట్టిన వేలు నాకు గుర్తొచ్చింది. ఊపడం పూర్తయ్యేలోగా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. ఆ గదిలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే.

"డ్యూటీ ఏడు గంటలకు దిగుతుందని రాయాలి," అన్నాను ఇంగ్లీషులో. "ఎనిమిది నుంచి పన్నెండు, మూడు నుంచి ఏడు. ఆ వీసా మీద ఇంట్లో పని చేయకూడదని చట్టంలోనే ఉంది. వారానికి రెండు రోజులు సెలవు కూడా రాయాలి."

మరియం వెంటనే తల్లికి చెప్పలేదు. ముందు చిన్నమ్మను, నువ్వూ అదే అంటున్నావా అని అడిగింది. చిన్నమ్మ నన్ను చూసింది, మామాను చూసింది. "దిగల్ల," అంది తెలుగులో. తెలుగులో అన్నానని తెలిసి మళ్ళీ అరబ్బీలో చెప్పింది.

మామా ముఖం తిప్పుకుంది. అటు చూస్తూనే, కొత్త మనిషి వచ్చి పని నేర్చుకునేదాకా రెండు నెలలు ఆగమంది. ఆగుతామన్నాం. మరియం కాగితం మీద గంటలు రాసింది. తర్వాత మామా కూజా తన వైపు లాక్కుని, ఖాళీ కప్పు ఒకటి తీసి, కూర్చోమని చిన్నమ్మకు తనే పోసింది. చిన్నమ్మ కూర్చుంది. ఒక్క కప్పు తాగి, కప్పు ఊపి పక్కన పెట్టింది.

మళ్ళీ అమెరాత్

శనివారమే మరియం వచ్చి గది ఒప్పందం చేసుకుంది. అద్దె, బలదియా, బోర్డు, వీసా ఖర్చు అన్నీ ఆమెవే. లాభమూ ఆమెదే. చిన్నమ్మకు నెలకు నూటయాభై రియాళ్ళు. బోర్డు మీద మరియం తన అమ్మమ్మ పేరు పెట్టుకుంటానంది. అద్దం ఎక్కడ పెట్టాలో మాత్రం చిన్నమ్మను అడిగింది. మేం పాత మిషన్ను రూమ్ నుంచి టాక్సీ డిక్కీలో పెట్టి తెచ్చాం. డిక్కీ మూత పడక, రాజోలావిడ చీరతో కట్టింది.

రాజన్న బోర్డు కొలతలు తీస్తూ, "ఇంత చేస్తిరి, నీ పేరేదక్కా?" అన్నాడు. చిన్నమ్మ, జాకెట్టు లోపల కుట్టు చూసి ఎవరు కుట్టిందో చెప్పొచ్చులే అంది. చేతిసంచిలో చీటీ తీసి మిషన్ సొరుగులో, బాబిన్ల కింద పెట్టడం నేను చూశాను. తిరుగు విమానంలో పుస్తకం తెరిచాను గానీ రెండు పేజీలు కూడా చదవలేదు.

ప్రొద్దుటూరు

జనవరిలో మొదటి గురువారం. ఆఫీసు నుంచి వచ్చి అన్నం తింటుంటే ఫోన్ మోగింది. ఇక్కడ ఎనిమిదిన్నర, అక్కడ ఏడు. వెనక షట్టరు దించిన చప్పుడు, ఎవరో చాయ్ చెప్పడం వినపడ్డాయి.

"పాపా, డ్యూటీ దిగినా," అంది చిన్నమ్మ.

ఇంకేమైనా చెప్తుందేమోనని చూశాను. ఒంట్లో బాగుందా అని అడిగాను. బాగుందంది. రేపు, ఎల్లుండి సెలవంది.

"మరి ఇంటికి పో చిన్నమ్మా."

"పోతా. ఏం చేయల్లో తెలీక ఈడ్నే కూర్చున్నా. రాజన్న మాదిరి కాళ్ళు చాపుకొని."